హెల్మెట్ అదురు, మెడ మంట, తోక ఎముక నొప్పి: టూరింగ్‌కి ఏ తరహా బండి తీసుకోవాలి?

పొడుగురోడ్డు

నమస్తే అండీ. లాంగ్ రైడ్ల కోసం బండి మార్చాలనుకుంటున్నాను. కొలతలు, బాధలు ముందే రాస్తున్నాను, వాటిని బట్టి చెప్పండి.

ఎత్తు 183 సెం.మీ., కాలి లోపలి కొలత 86 సెం.మీ., బరువు 84 కిలోలు. ఇప్పుడున్నది 650 తరగతి అడ్వెంచర్ తరహా బండి. కంపెనీ ఇచ్చిన స్క్రీనే (గాలిని ఆపే ముందు అద్దం) ఉంది, మధ్య ఎత్తులో బిగించాను. హైవే మీద 95 నుంచి 110 మధ్య నడుపుతాను, రోజుకి 450 కిలోమీటర్ల దాకా. వెనక ఎవరూ ఉండరు. సామాను టాప్ బాక్సులో కొంత, వీపు మీది బ్యాగులో కొంత. హెల్మెట్ ముందు పీక్ (టోపీ అంచులా పొడుచుకొచ్చే ముక్క) ఉన్న అడ్వెంచర్ రకం.

80 దాటాక హెల్మెట్ అదరడం మొదలై, 100 దగ్గర బోర్డుల మీద అక్షరాలు చెదిరిపోతాయి. భుజం రెక్కల మధ్య మంట. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. గంటన్నర దాటితే తోక ఎముక దగ్గర నొప్పితో కూర్చోలేను.

మూడు దారులు ఆలోచిస్తున్నాను. ఒకటి, పొడుగు స్క్రీన్ ఉన్న పెద్ద అడ్వెంచర్ బండి. రెండు, హోండా ఎన్‌టీ1100, యమహా ట్రేసర్ 9 జీటీ లాంటి స్పోర్ట్ టూరర్. మూడు, కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చునే క్రూయిజర్‌కి పెద్ద స్క్రీన్. మట్టిదారులు నాకు అక్కర్లేదు. ఏది సరైనది?

గాలివాటం

బండి పేర్ల కన్నా ముందు ఒక సంగతి తేల్చుకోవాలండీ. మిమ్మల్ని బాధపెడుతున్నది గాలి కాదు, చెదిరిన గాలి. స్క్రీనే లేని నేకెడ్ బండి మీద 100లో ఛాతీని గాలి గట్టిగా తోస్తుంది. కానీ ఆ తోపు నిలకడగా ఉంటుంది కాబట్టి హెల్మెట్ కదలదు, చూపు చెదరదు. స్క్రీన్ పై అంచు దాటిన గాలి అలా ఉండదు, సుడులుగా విడిపోతుంది. ఆ సుడుల పొర సరిగ్గా మీ హెల్మెట్ ఎత్తులో పడితే తల ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటుంది, ప్రతి దెబ్బకీ మెడ కండరాలు ఎదురు బిగుసుకుంటాయి. మీ భుజం రెక్కల మధ్య మంటలో పెద్ద వాటా దానిదే అయ్యుంటుంది.

వేగం పెరిగినట్టు తోపు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో ఉన్న తోపు 110కి వచ్చేసరికి దాదాపు 1.9 రెట్లు. అదే 110 నుంచి 95కి దిగితే పావు వంతు తగ్గుతుంది.

సుడులు హెల్మెట్ దగ్గరికి మూడు దారుల్లో వస్తాయి. మొదటిది స్క్రీన్ పై అంచు. రెండోది పక్కలు: స్క్రీన్ మీ భుజాల కన్నా బాగా ఇరుకైతే పక్క అంచుల నుంచి వచ్చే గాలి హెల్మెట్ కింది భాగాన్ని, భుజాలని కొడుతుంది. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు, అది కింద నుంచి వచ్చేది. ఫోర్కులకీ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలకీ) ట్యాంకుకీ మధ్య ఖాళీలోంచి గాలి పైకి లేచి, గడ్డం కింద దూరి హెల్మెట్‌ని ఎత్తుతుంది. అడ్వెంచర్ బండ్లలో ముందు మడ్‌గార్డ్ ఎత్తుగా, ఫోర్కులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఈ దారి మరీ తెరుచుకుని ఉంటుంది. దానికి తోడు స్క్రీన్ వెనక పీడనం తక్కువగా ఉంటుంది, చుట్టూ ఉన్న గాలి ఆ ఖాళీలోకి దూసుకొస్తుంది. పెద్ద స్క్రీన్ పెట్టించాక "వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టుంది" అని కొందరు అనేది ఇదే.

ఏ దారి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి వస్తువులేమీ కొనక్కర్లేదు. గాలి తక్కువగా ఉన్న రోజు, ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద, ముందు వాహనాలేవీ లేకుండా 90లో స్థిరంగా వెళ్ళండి.

ముందుగా పెగ్గుల (కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టుల) మీద కొద్దిగా, 8–10 సెం.మీ. మాత్రమే లేవండి. అదురు ఆగిపోయి గాలి బలంగా కానీ నిలకడగా కానీ తగిలితే, మీ తల ఇప్పుడు సుడుల పొరలో ఉంది, దాని పైన శుభ్రమైన గాలి ఉంది అని అర్థం. స్క్రీన్ తగ్గించడం కూడా మీకు పరిష్కారమే.

తర్వాత అంతే మేర కిందికి వంగి చూడండి. అప్పుడు నిశ్శబ్దం వస్తే స్క్రీన్ 5–8 సెం.మీ. పెరగాలి, లేదా దాని వాలు మారాలి.

చివరగా ఎడమ చేతిని అరచేయి కిందికి పెట్టి ఫోర్కు పైభాగానికీ ట్యాంకుకీ మధ్య ఖాళీ దగ్గర ఒక్క క్షణం ఆపండి. హెల్మెట్ శబ్దం మారితే గాలి కింద నుంచి వస్తోంది. దానికి స్క్రీన్ ఎంత మార్చినా లాభం ఉండదు, ఫోర్క్ డిఫ్లెక్టర్లు, అంటే అక్కడి గాలిని పక్కకి మళ్ళించే పలకలు కావాలి. కుడిచేయి థ్రాటిల్ వదలకూడదు, పక్కన వాహనం ఉంటే ఈ పరీక్ష చెయ్యకూడదు.

స్క్రీన్ ఎత్తు గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను. స్క్రీన్ లోంచి కాదు, స్క్రీన్ పై నుంచి రోడ్డు చూడాలి. అంచు మీ చూపు గీతకి 5–7 సెం.మీ. కింద ఉండి, పైకి విసిరిన గాలి హెల్మెట్ నెత్తి మీదుగా పోతే అది సరైన అమరిక. స్క్రీన్ లోంచి చూడాల్సినంత ఎత్తు పెడితే రాత్రి వానలో ఎదురు లైట్లు గీతలు గీతలుగా పరుచుకుంటాయి, అంచు సరిగ్గా కళ్ళకి అడ్డంగా వస్తుంది.

ఇవాళే చెయ్యగలిగినవి రెండున్నాయి. హెల్మెట్ పీక్ విప్పేయండి, చాలా మోడళ్ళలో రెండు మూడు స్క్రూలతో వచ్చేస్తుంది. ఆ స్క్రూల చోట మూతలు ఇచ్చి ఉంటే అవి పెట్టండి, లేకపోతే ఈల శబ్దం వస్తుంది. పీక్ ఉన్నంతసేపూ సుడులు దాన్ని పట్టుకుని తలని తిప్పుతాయి, ఏ బండి మీదైనా ఇంతే. రెండోది, జాకెట్ మెడ దగ్గర, చేతుల దగ్గర పట్టీలు బిగించండి. టపటపా కొట్టుకునే జాకెట్ భుజాలని అలసిపోయేలా చేస్తుంది.

నడుముపట్టీ

గాలి సంగతి పైన చక్కగా చెప్పారు. నేను కూర్చునే తీరు గురించి రాస్తాను, ఎందుకంటే మీ నాలుగు బాధల్లో రెండు గాలివి కావు.

వీపు బ్యాగు మానేయండి. భుజం పట్టీలు లాగే చోటు, మీకు మంట పుట్టే చోటు ఒక్కటే. అందులో 5 కిలోలున్నా గంటల తరబడి ఆ బరువు మోసేది భుజం రెక్కల మధ్య కండరాలే. ఆ సామాను వెనక సీటు మీద టెయిల్ బ్యాగుగా కట్టండి. నడుముకి ఆనేలా కడితే కాస్త ఆసరా కూడా దొరుకుతుంది.

వేళ్ళ తిమ్మిరి: ఏ వేళ్ళన్నది ముఖ్యం, మీరు రాసి మంచి పని చేశారు. చిటికెన వేలు, ఉంగరం వేలు అంటే అల్నార్ నరం. అరచేతి బయటి అంచు మీద బరువు పడినా, మోచేయి ఎక్కువసేపు బాగా మడిచి ఉన్నా అది నొక్కుకుంటుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మీడియన్ నరం, అంటే మణికట్టు పైకి వంగిపోతోందని. మీ విషయంలో హ్యాండిల్ చివరలు మీ చేతికి సరిపోయే కోణంలో లేకపోవడం, గాలికి భయపడి గట్టిగా పట్టుకోవడం, రెండూ కలిసి పనిచేస్తున్నట్టున్నాయి. కుడిచేతికే రావడానికి కారణం థ్రాటిల్. ఎడమచేయి మధ్యలో వదిలి విదిలించుకోవచ్చు, కుడిచేతికి ఆ వీలు లేదు. అందుకే కొత్త బండికి క్రూయిజ్ కంట్రోల్ (థ్రాటిల్ తిప్పి పట్టుకోకుండానే వేగాన్ని నిలిపేది) ఉండి తీరాలని నా పట్టుదల. స్క్రీన్ విద్యుత్‌తో లేవకపోయినా సర్దుకోవచ్చు, క్రూయిజ్ లేకపోతే మాత్రం మీ చెయ్యి కోలుకోదు. అది వచ్చే లోపు గ్రిప్ మీద క్లిప్పులా తొడిగే పామ్ రెస్ట్ వాడండి. దాన్ని పైకి మరీ తిప్పి పెట్టకూడదు, బ్రేక్ పట్టేటప్పుడు అరచేయి తగిలి థ్రాటిల్ తెరుచుకుంటుంది. బండి దిగిన మర్నాటికి కూడా తిమ్మిరి పోకపోయినా, పట్టు సన్నగిల్లినా డాక్టరుకి చూపించండి, సర్దుబాట్లతో కాలం గడపొద్దు.

తోక ఎముక: మనిషి కూర్చోవలసింది పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకల మీద. చాలామందిలో వాటి మధ్య దూరం 10–14 సెం.మీ. సీటు ముందుకి వాలుగా ఉండి ట్యాంకు వైపు జారిపోతుంటే సీటు ఇరుకు భాగం మీదికి వచ్చేస్తారు. అక్కడ ఆ ఎముకలకి ఆధారం చాలదు, కటి వెనక్కి దొర్లుతుంది, నడుము గూనిలా వంగుతుంది, బరువు తోక ఎముక మీదికి వెళ్తుంది. మెత్తటి ఫోమ్ షోరూములో పావుగంట హాయిగా ఉంటుంది. గంట దాటితే పూర్తిగా అణిగి అడుగు ప్లాస్టిక్ తగులుతుంది. సీటు మంచిదా కాదా అన్నది మెత్తదనంలో కాదు, వెడల్పులో, సమంగా ఉండటంలో తెలుస్తుంది.

అందుకే మీ మూడో దారి, కాళ్ళు ముందుకి చాపే క్రూయిజర్, మీకు వద్దు. కాళ్ళు ముందుకుంటే బరువులో కొంతైనా అవి మొయ్యలేవు, గుంతలో లేచి దెబ్బ తప్పించుకోలేరు, మొత్తం కుదుపు తోక ఎముకకీ నడుముకీ వెళ్తుంది. ఆ భంగిమ నచ్చేవాళ్ళు ఉంటారు, కాదనను. ఇప్పటికే అక్కడ నొప్పి ఉన్నవాళ్ళకి మాత్రం సరిపడదు.

పెగ్గులు మీ తుంటికి కాస్త ముందుగా, దాదాపు కిందనే ఉండాలి. సెంటర్ స్టాండ్ మీద బండి పెట్టి కూర్చుని రెండు చేతులూ హ్యాండిల్ మీంచి ఒక అంగుళం పైకెత్తి పది సెకన్లు ఆపండి. ముందుకి పడిపోతుంటే ఆ బరువంతా రోడ్డు మీద మణికట్టు మోస్తుంది. తర్వాత హ్యాండిల్ లాగకుండా పెగ్గుల మీద లేచి చూడండి, లేవలేకపోతే పెగ్గులు మీకు ముందుకి ఉన్నాయి. మోకాలి కోణం 80 డిగ్రీల కన్నా తక్కువైతే మీ పొడుగు కాళ్ళకి కొద్దిసేపట్లోనే మోకాళ్ళు పట్టేస్తాయి. 90కి దగ్గరగా, వీలైతే దాటి ఉండాలి.

పొడుగురోడ్డు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. పీక్ విప్పేశాను, బ్యాగు వెనక సీటు మీదికి మార్చాను. పరీక్షలు కూడా చేశాను: కాస్త లేస్తే అదురు పోతోంది, వంగినా చాలావరకు పోతోంది. ఫోర్కుల దగ్గర చెయ్యి పెడితే గడ్డం కింది హోరు స్పష్టంగా తగ్గింది. అంటే రెండు వైపుల నుంచీ వస్తోందనేగా? క్రూయిజర్ ఆలోచన వదిలేశాను. మిగిలిన రెంటిలో ఏది?

టార్క్‌రెంచ్

మట్టిదారి అక్కర్లేదన్నారు కాబట్టి నా ఓటు స్పోర్ట్ టూరర్‌కే. కారణం మీ మూడో పరీక్షలోనే ఉంది. ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల ఉండే కవచం) రేడియేటర్ పక్కల దాకా దిగి ఉన్న బండిలో కింద నుంచి వచ్చే గాలి మూలంలోనే ఆగుతుంది. అడ్వెంచర్ బండిలో దాన్ని విడి డిఫ్లెక్టర్లతో ఆపాలి.

ఎన్‌టీ1100 చూడండి. 1084 సీసీ ట్విన్, సీటు 820 మి.మీ., స్క్రీన్ 5 దశల్లో ఎత్తు, వాలు రెండూ మారుతుంది, పైనా కిందా డిఫ్లెక్టర్లు బండితోనే వస్తాయి, క్రూయిజ్ కంట్రోల్ ఉంది. నిటారుగా కూర్చోబెడుతుంది. బరువు గేర్ల మోడల్ 238 కిలోలు, డీసీటీ (గేర్లు వాటంతటవే మారే మోడల్) 248. మీ ఎత్తుకి సీటు నుంచి పెగ్గు దూరం చాలుతుందా అన్నదే అక్కడ తేల్చుకోవాల్సింది.

ట్రేసర్ 9 జీటీ తేలిక, 2021 మోడల్ 220 కిలోలు. ఆ మోడల్లో సీటు 810 లేదా 825 మి.మీ.గా మార్చుకోవచ్చు, హ్యాండిల్, పెగ్గుల స్థానాలు కూడా మారతాయి. స్క్రీన్ ఒక్క చేత్తో 50 మి.మీ. పరిధిలో 10 మెట్లుగా లేస్తుంది. కానీ ఆ స్క్రీన్ ఎన్‌టీ అంత వెడల్పు కాదు, మీ భుజాలకి గాలి తగులుతుంది. తిరగడానికి చురుకైన బండి కావాలా, ప్రశాంతత కావాలా అన్నది మీ ఇష్టం.

బరువు మొయ్యగలనంటే, వాడిన బండ్లలో బీఎమ్‌డబ్ల్యూ ఆర్ 1250 ఆర్‌టీ, యమహా ఎఫ్‌జేఆర్1300. రెంటిలోనూ స్క్రీన్ బటన్‌తో నడుస్తూనే లేస్తుంది. ఆర్‌టీ 279 కిలోలు, నెమ్మదిగా పార్కింగులో తిప్పేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఎఫ్‌జేఆర్‌లో హ్యాండిల్ కొంచెం ముందుకి ఉంటుంది, నడుముపట్టీ గారు చెప్పిన చేతులెత్తే పరీక్ష అక్కడ తప్పనిసరి.

కవాసకి నింజా 1000ఎస్ఎక్స్ లాంటి ముందుకి వంచే బండ్లు కూడా టూరింగ్ పేరుతోనే అమ్ముతారు. వాటితో ఒక చిక్కుంది. ముందుకి వంగినప్పుడు ఛాతీకి తగిలే గాలే మొండేన్ని కొంత మోస్తుంది. దానికి పొడుగు స్క్రీన్ పెట్టించి గాలి ఆపేస్తే ఆ బరువంతా మణికట్టు మీద పడుతుంది. వంచే బండికి చిన్న స్క్రీన్, నిటారు బండికి పెద్ద స్క్రీన్, ఇదీ జత. ఈ జత తప్పిన బండి మీద ఎంత ఖర్చుపెట్టినా ఏదో ఒకచోట నొప్పి మిగులుతుంది.

పెద్ద అడ్వెంచర్‌లో సుజుకి వీ-స్ట్రోమ్ 1050 మంచి బండే, దాని స్క్రీన్ 11 మెట్లుగా 50 మి.మీ. లేస్తుంది. కానీ లివరు స్క్రీన్ ముందు వైపు ఉంటుంది, ఆపి దిగి మార్చుకోవాలి. పొడుగు కాళ్ళకి అడ్వెంచర్ బండ్లు ఇచ్చే మోకాలి చోటు వేరే వాటిలో దొరకదు, అది ఒప్పుకోవాల్సిందే. టెస్ట్ రైడులో ఎన్‌టీ, ట్రేసర్ మీద మోకాళ్ళు పట్టేస్తే ఇటు రండి, ఫోర్క్ డిఫ్లెక్టర్లు ముందే లెక్కలో వేసుకుని.

టెస్ట్ రైడు పావుగంటది పనికిరాదు. కనీసం 45 నిమిషాలు అడగండి, ఇవ్వకపోతే ఒక రోజుకి అద్దెకి దొరికే బండి వెతకండి. మీ హెల్మెట్, మీ జాకెట్‌తోనే వెళ్ళాలి. స్క్రీన్ అన్నిటికన్నా కింది మెట్టులో పెట్టి మొదలుపెట్టి, 80, 100, 110లలో చూసి ఒక్కో మెట్టూ ఎక్కించండి. పై నుంచి మొదలుపెడితే మొదట దొరికిన నిశ్శబ్దానికే సరే అనేస్తారు. ఒకే రోడ్డు మీద వెళ్తూ, వస్తూ రెండు దిక్కుల్లోనూ చూడాలి, లేకపోతే ఆ రోజు వీచే గాలిని బండి గుణం అనుకుంటారు. లారీ వెనక ఉన్నంతసేపు వచ్చే అదురుని లెక్కలోకి తీసుకోకండి, అది లారీది.

గాలివాటం

బండి ఎంపికతో ఏకీభవిస్తాను. ఒక్కచోట మాత్రం జాగ్రత్త చెప్పాలి. విద్యుత్ స్క్రీన్ ఉంటే బఫెటింగ్ (సుడిగాలి వల్ల వచ్చే ఈ అదురు) తీరిపోతుందని అనుకోకండి. చాలా వాటిలో స్క్రీన్ పైకి లేచేకొద్దీ నిటారు అవుతుంది, వెనక పీడనం ఇంకా పడిపోతుంది, వీపు మీద తోపు మొదలవుతుంది. అప్పుడు ఒక మెట్టు దించితే హాయిగా ఉంటుంది. స్క్రీన్ అడుగున సన్నటి ఖాళీ ఉండి కొంత గాలి వెనక వైపుకి వచ్చే బండ్లలో ఈ బాధ తక్కువ. 2014 మోడళ్ళలో హార్లీ డేవిడ్సన్ తన బ్యాట్‌వింగ్ ఫెయిరింగ్‌కి గాలి రంధ్రం పెట్టింది కూడా తల దగ్గర అదురు తగ్గించడానికే. కొనేటప్పుడు స్క్రీన్ కింది అంచు ఫెయిరింగ్‌కి అతుక్కుని ఉందా, వేలు పట్టే సందు ఉందా చూడండి.

కొత్త బండి వచ్చాక స్క్రీన్ మార్చాలనిపిస్తే నేరుగా పెద్ద స్క్రీన్ కొనకండి. ముందు అంచుకి బిగించే చిన్న స్పాయిలర్ పెట్టి చూడండి. ఎంఆర్ఏ, పుయిగ్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. ఎత్తు, వాలు మార్చుకోవచ్చు. అసలు అంచుకీ స్పాయిలర్‌కీ మధ్య 2–3 సెం.మీ. సందు వదిలితే చాలా సందర్భాల్లో పని బాగా జరుగుతుంది, ఆ సందులోంచి వచ్చే గాలి సుడుల పొరని పైకి నెడుతుంది. స్క్రీన్ స్క్రూలని గట్టిగా బిగించొద్దు. అడుగున రబ్బరు నట్లుంటాయి, రబ్బరు నొక్కుకోవడం మొదలవగానే ఆపాలి. ఎక్కువ బిగిస్తే రంధ్రం దగ్గర నుంచి పగులు పాకుతుంది. పాలికార్బొనేట్ స్క్రీన్‌కి అమ్మోనియా ఉన్న గాజు క్లీనరు, పెట్రోలు తగలనివ్వకూడదు, మసకబారి వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి. తడి గుడ్డ పరిచి పురుగులని నాననిచ్చి సబ్బు నీళ్ళతో తియ్యండి.

చెవి ప్లగ్గులు కూడా తెచ్చుకోండి. 100 దగ్గర హెల్మెట్ లోపల గాలి శబ్దం 95–100 డెసిబెళ్ళ దాకా వెళ్తుంది. అమెరికా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెళ్ళకి 8 గంటలు, ప్రతి 3 డెసిబెళ్ళకీ సమయం సగం, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. శబ్దం తగ్గితే అలసట తగ్గుతుంది, భుజాలు వాటంతటవే వదులవుతాయి. హారన్లు వినిపిస్తూనే ఉంటాయి.

పొడుగురోడ్డు

బాగా అర్థమైంది. ఎన్‌టీ, ట్రేసర్ రెండూ అద్దెకి దొరుకుతాయేమో చూస్తాను. కొత్త బండి కుదిరేదాకా పాత బండికి హ్యాండిల్ రైజర్లు (హ్యాండిల్‌ని పైకెత్తే దిమ్మెలు) పెట్టుకోవాలా? 30 మి.మీ.వి చూశాను. కూర్చుంటే చేతులు కొంచెం దూరంగానే అనిపిస్తాయి.

టార్క్‌రెంచ్

రైజర్లకి ముందు ఖర్చులేని పనులు చెయ్యండి. హ్యాండిల్ క్లాంపు బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ని కొద్దిగా మీ వైపు తిప్పండి, గ్రిప్ చివరలు కిందికి మరీ దిగకూడదు. లివర్లు తిప్పి, కూర్చున్నప్పుడు మోచేయి, మణికట్టు, వేళ్ళు ఒకే గీతలో వచ్చేలా పెట్టండి. హ్యాండిల్ మీద ఒక చోట చుక్క గుర్తు ఉంటుంది, అది కంపెనీ స్థానం. తిరిగి అక్కడికి రావడానికి పనికొస్తుంది. బిగించేటప్పుడు మాన్యువల్లో రాసిన టార్కే వాడండి. చాలా బండ్లలో ముందు బోల్టులు పూర్తిగా బిగించి తర్వాత వెనకవి బిగించాలి, సందు వెనక వైపే మిగలాలి. రెండు వైపులా సమంగా సందు వదిలితే కొన్ని క్లాంపులు పట్టు తప్పుతాయి. ఏ క్రమమో మాన్యువల్ చెబుతుంది.

తర్వాత వెనక సస్పెన్షన్. మీరు 84 కిలోలు, పైగా టాప్ బాక్సు, టెయిల్ బ్యాగు. ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే ఎంత నొక్కి ఉంచారన్నది) కంపెనీ అమరికలోనే ఉంటే వెనక భాగం కూలబడి బండి ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు స్క్రీన్ వాలు కూడా మారిపోతుంది, అదురులో కొంత దీనివల్లే రావచ్చు. వెనక చక్రం గాలిలో ఉన్నప్పుడు ఇరుసు నుంచి పైన ఒక గుర్తు దాకా కొలవండి. మీరు పూర్తి గేరుతో, సామానుతో కూర్చున్నాక మళ్ళీ కొలవండి. తేడా మొత్తం ట్రావెల్‌లో (చక్రం పైకీ కిందికీ కదలగల దూరంలో) 30 శాతం చుట్టూ ఉండాలి, ట్రావెల్ 160 అయితే 48 మి.మీ. దగ్గర. ఎక్కువుంటే ప్రీలోడ్ పెంచండి. టాప్ బాక్సులో బరువు ఆ బాక్సు మీద రాసిన పరిమితి దాటకూడదు, చాలా వాటికి 5 నుంచి 10 కిలోలే. అది వెనక ఇరుసు దాటి ఉంటుంది కాబట్టి ముందు చక్రం తేలికై హైవేలో హ్యాండిల్ ఊగుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా చేతులు దూరమనిపిస్తేనే రైజర్లు. 30 వద్దు, 20 చాలు, అది కూడా పైకీ వెనక్కీ తెచ్చే రకం. చాలా బండ్లలో కంపెనీ కేబుళ్ళు, బ్రేక్ హోసు 20 దాకా సర్దుకుంటాయి, 30కి చాలకపోవచ్చు. బిగించాక హ్యాండిల్‌ని ఇటు చివర నుంచి అటు చివర దాకా తిప్పి బ్రేక్ హోసు లాగుతోందా, క్లచ్ కేబుల్ బిగుస్తోందా, వైర్లు నలుగుతున్నాయా చూడండి. తర్వాత బండి న్యూట్రల్‌లో పెట్టి ఇంజను ఆన్ చేసి మళ్ళీ తిప్పండి. ఏ కొసలోనైనా ఇంజను శబ్దం పెరిగితే థ్రాటిల్ కేబుల్ లాగుతోంది. ఆ స్థితిలో బండి రోడ్డెక్కకూడదు.

నడుముపట్టీ

రైజర్లు పెడితే ఒకటి గుర్తుంచుకోండి. 20 మి.మీ. హ్యాండిల్ లేస్తే మీరు మరింత నిటారవుతారు, తల కొద్దిగా పైకీ వెనక్కీ జరుగుతుంది. గాలివాటం గారు చెప్పిన లేచే, వంగే పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, పాత ఫలితాలు పనికిరావు. సీటు మార్చినా ఇంతే. అందుకే వరుస ఇలా పెట్టుకోండి: ముందు సస్పెన్షన్, తర్వాత సీటు, తర్వాత హ్యాండిల్, చివర స్క్రీన్. స్క్రీన్ ముందు కొన్నవాళ్ళు సీటు మార్చగానే మళ్ళీ స్క్రీన్ వెతుక్కుంటారు.

సీటుకి ప్రస్తుతానికి గాలి దిండు చాలు. అందరూ చేసే తప్పు దాన్ని బంతిలా ఊదడం. కొంచెం ఊది, దాని మీద కూర్చుని, వాల్వు తెరిచి గాలి వదులుతూ పోండి. పిరుదు ఎముకలు అడుగు సీటుకి తగలడానికి ఒక సెంటీమీటరు దూరంలో ఉండగా మూసేయండి. ఎక్కువ గాలి ఉంటే బండి మీద ఊగుతారు, మలుపుల్లో పట్టు తెలియదు. ఎండలో నిలిపే బండికి జెల్ ప్యాడ్ వద్దు, వేడి పట్టేసి చాలాసేపు వదలదు. కొత్త బండికి సీటు చేయించాల్సి వస్తే ఫోమ్ మెత్తగా వెయ్యమనకండి, గట్టి ఫోమ్‌తో ముందు వాలు తీసేసి సమం చెయ్యమని, ఎముకలు ఆనే చోట వెడల్పు పెంచమని చెప్పండి. ముందు భాగం మాత్రం ఇరుకుగానే ఉంచాలి, లేకపోతే తొడలు విడిపోయి కాలు నేలకి అందదు.

దిండు వేశాక కూడా మీ ఎత్తు 1–2 సెం.మీ. పెరుగుతుంది. స్క్రీన్ పరీక్ష దాని మీద కూర్చునే చెయ్యండి.